వెల్డింగ్ రాడ్డుకు డబ్బు ఎవరివ్వాలి?

వెల్డింగ్ నేర్చుకోవాలంటే రాడ్లు కాల్చాలి. వేరే దారి లేదు. ఆర్క్ వెల్డింగ్‌లో ఎక్కువగా వాడే 3.15 మిల్లీమీటర్ల రాడ్డు నిమిషంలో, మహా అయితే నిమిషంన్నరలో కరిగిపోతుంది. ఆ కాస్త సమయంలోనే చేయి నిలవాలి, రాడ్డు కొసకూ ప్లేటుకూ మధ్య ఎడం ఒకేలా ఉండాలి, కరిగిన లోహం వెనకాల గట్టిపడుతున్న తీరు నల్లద్దంలోంచి చూస్తూ వేగం సర్దుకోవాలి. మొదట్లో రాడ్డు ప్లేటుకు అతుక్కుపోతుంది. ఆ తర్వాత బీడు, అంటే కరిగిన లోహం గట్టిపడి ఏర్పడే గీత, వంకర్లు పోతుంది. అది కుదిరిందనుకుని నిలువుగా పెట్టిన ప్లేటు మీద మొదలుపెడితే కథ మళ్లీ మొదటికొస్తుంది, కరిగిన లోహం కిందికి జారిపోతుంది కాబట్టి. తలపైన ఉన్న జాయింటు ఇంకా కష్టం. చివరికి అతికిన ముక్కను కోసి, వంచి చూస్తారు. లోపల స్లాగ్, అంటే వెల్డింగ్‌లో మిగిలే చిట్టెం, ఇరుక్కుని ఉంటే వంచినచోట పగులు తేలుతుంది. పైకి నున్నగా కనిపించిన జాయింటు లోపల అతకలేదని అప్పుడు తెలుస్తుంది.

ఇలా ఒక్కో విద్యార్థి వందల జాయింట్లు వేస్తే గానీ పని పట్టుబడదు. రాడ్లు, ప్లేట్లు, గ్రైండింగ్ వీల్స్, గ్యాస్, కరెంటు, అన్నీ వాడేకొద్దీ అయిపోయేవే. శిక్షణ సంస్థకు ఏడాది మధ్యలో డబ్బు తగ్గితే మొదటి కోత వీటి మీదే పడుతుంది. జీతాలు ఆపలేరు, భవనం అమ్మలేరు, రాడ్లు కొనడం మాత్రం మానేయొచ్చు. అప్పుడు ఇన్‌స్ట్రక్టర్ ఒక జాయింటు వేసి చూపిస్తాడు, ఇరవై మంది చుట్టూ నిలబడి చూస్తారు. హాజరు పడుతుంది, సిలబస్ పూర్తవుతుంది, సర్టిఫికెట్ చేతికొస్తుంది. పని మాత్రం చేతికి రాదు.

వృత్తి విద్య, సాంకేతిక విద్య మంచివేనని ఎవరిని అడిగినా చెబుతారు. డబ్బు దగ్గరికి వచ్చేసరికి మాట మారుతుంది. బాగుపడేది నేర్చుకున్నవాడే కాబట్టి వాడే కట్టుకోవాలని కొందరు, పని చేయించుకునే కంపెనీయే పెట్టుకోవాలని ఇంకొందరు అంటారు. రెండు వాదనల్లోనూ కొంత నిజముంది. అందుకే అవి ఎక్కడిదాకా నిలబడతాయో నిదానంగా చూడాలి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఈ చదువుకు ప్రధానంగా ప్రభుత్వమే డబ్బు పెట్టాలి, అదీ భవనాల దగ్గర ఆగిపోకుండా రాడ్ల దాకా వెళ్లి పెట్టాలి.

ముందు ఖర్చు సంగతి. చరిత్ర పాఠం చెప్పడానికి ఒక గది, బోర్డు, టీచరు ఉంటే అరవై మందికి సరిపోతుంది. వర్క్‌షాపులో అలా కుదరదు. తిరుగుతున్న లేత్‌ల దగ్గర పదిహేను మంది పనిచేస్తుంటే ఒక్క ఇన్‌స్ట్రక్టర్ అందరి మీదా కన్నేసి ఉంచడమే కష్టం. వదులుగా ఉన్న చొక్కా చేయి, ముక్కను పట్టి తిప్పే చక్‌లో చిక్కుకుంటే ప్రమాదానికి క్షణం చాలు. కాబట్టి బ్యాచ్ చిన్నదిగా ఉండాలి, మిషన్లు ఎక్కువ ఉండాలి, వాటికి రక్షణ తొడుగులు, ఎర్తింగ్, పొగను బయటికి లాగే ఏర్పాటు ఉండాలి. మిషన్లు పాతబడతాయి కూడా. మామూలు లేత్ మీద చేయి తిరిగినవాడికి కంప్యూటర్ ఆదేశాలతో నడిచే సీఎన్‌సీ మిషన్ ముందు మళ్లీ కొత్త పాఠం కావాలి. అంటే తలసరి ఖర్చు మామూలు తరగతి కంటే ఎక్కువ కావడం ఎవరో దుబారా చేసినందువల్ల కాదు, ఈ చదువు తీరే అంత. చాలా చౌకగా నేర్పించామని ఎవరైనా చెబితే, ఏది మానేశారని అడగాలి.

ఈ ఖర్చు విద్యార్థి మీద వేస్తే ఏమవుతుంది? ఈ కోర్సులకు వచ్చేవారిలో ఎక్కువమంది చేతిలో డబ్బు లేనివారే. అప్పు చేద్దామంటే బ్యాంకు తాకట్టు అడుగుతుంది. ఇల్లు కొనేవాడు ఇల్లే తాకట్టు పెడతాడు, లారీ కొనేవాడు లారీని చూపిస్తాడు. వెల్డింగ్ నేర్చుకోబోయే కుర్రాడు ఏం చూపిస్తాడు? నేర్చుకున్న విద్యను బ్యాంకు జప్తు చేసుకోలేదు.

ఈ చిక్కును గుర్తించినవారిలో అమెరికన్ ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఒకరు. ప్రభుత్వ ఖర్చు పెంచాలని వాదించే మనిషి కాదు ఆయన. 1955లో విద్యలో ప్రభుత్వ పాత్ర గురించి రాస్తూ, పౌరులందరికీ అవసరమైన సాధారణ విద్యకు సర్కారు సొమ్ము వాడొచ్చని ఒప్పుకున్నారు. వృత్తి శిక్షణ విషయంలో మాత్రం, ప్రతిఫలం నేర్చుకున్నవాడికే జీతం రూపంలో అందుతుంది కాబట్టి సబ్సిడీ అక్కర్లేదన్నారు. కానీ అక్కడే ఇంకో మాట కూడా అన్నారు. మనుషులను కొని అమ్మే సమాజం కాదు కాబట్టి, మనిషి నైపుణ్యం మీద ఇచ్చే అప్పుకు తాకట్టంటూ ఉండదు, అందువల్ల అందులోకి చేరాల్సినంత పెట్టుబడి చేరదు. దీనికి ఆయన సూచించిన మార్గం, ముందు శిక్షణకు డబ్బిచ్చి, తర్వాత ఆ మనిషి సంపాదనలో కొంత శాతం తీసుకోవడం. ప్రభుత్వం ఆ పని చేయొచ్చనీ అన్నారు. ఆలోచిస్తే, ఆదాయపు పన్ను చాలావరకు అదే పని చేస్తోంది. బాగా సంపాదించినవాడు ఎక్కువ కడతాడు, సంపాదన లేనివాడి మీద అప్పు భారం ఉండదు.

లాభం నేర్చుకున్నవాడికి మాత్రమే అన్న మాటతో నాకు పేచీ ఉంది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పైపులైను వేసినవాడు, లిఫ్టు రిపేరు చేసినవాడు, స్కూలు భవనానికి వైరింగ్ చేసినవాడు పని సరిగ్గా చేశారా లేదా అన్నది వాళ్ల జీతంతో ముగిసే విషయం కాదు. షార్ట్ సర్క్యూట్ అయితే నష్టపోయేది ఆ గదిలో ఉన్నవాళ్లు.

ఇక కంపెనీల సంగతి. పనివాళ్లు కావాల్సింది కంపెనీలకే అయినప్పుడు వాళ్లే నేర్పించుకోవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. దీనికి గట్టి సమాధానం 1960లలో గ్యారీ బెకర్ అనే ఆర్థికవేత్త ఇచ్చారు. నైపుణ్యాలను ఆయన రెండు రకాలుగా విడదీశారు. ఒకటి, ఆ కంపెనీలో తప్ప ఇంకెక్కడా పనికిరానిది, అక్కడి ప్రత్యేకమైన మిషన్‌నో, అక్కడి రికార్డుల పద్ధతినో తెలుసుకోవడం లాంటిది. దానికి కంపెనీ సంతోషంగా ఖర్చు పెడుతుంది, ఎందుకంటే నేర్చుకున్నవాడిని అందుకోసం వేరెవరూ ఎత్తుకుపోరు. రెండోది, ఎక్కడికెళ్లినా చెల్లుబాటయ్యేది. వెల్డింగ్, ఎలక్ట్రికల్ పని, మెషినింగ్, ఏసీ మెకానిజం, అన్నీ ఈ రెండో కోవలోకే వస్తాయి. ఒక యజమాని రెండేళ్లు డబ్బు పోసి ఒకరిని తయారుచేస్తే, శిక్షణకు పైసా పెట్టని పక్క కంపెనీవాడు ఇంకాస్త జీతం ఎక్కువిచ్చి పట్టుకుపోతాడు. కాబట్టి పోటీ ఉన్న మార్కెట్లో ఇలాంటి శిక్షణ ఖర్చు తక్కువ జీతం రూపంలో చివరికి నేర్చుకునేవాడి మీదే పడుతుందని బెకర్ లెక్క. ఆ భారం మోసే స్తోమత వాడికి లేదని పైన చూశాం.

చిన్న వర్క్‌షాపుల పరిస్థితి ఇంకా కష్టం. ఐదుగురు పనిచేసే చోట ఒక సీనియర్‌ను పక్కన పెట్టి కొత్తవాడికి నేర్పించమంటే ఆ రోజు ఆర్డరు ఆగిపోతుంది. అక్కడ కొత్తవాడు పని చూస్తూ చూస్తూ నేర్చుకుంటాడు, వచ్చినంత వస్తుంది. ఎలా చేయాలో తెలుస్తుంది, ఎందుకలా చేయాలో చెప్పేవాడు ఉండడు.

చెడ్డ కాలం వచ్చినప్పుడు ఏం జరుగుతుందన్నది కూడా చూడాలి. ఆర్డర్లు తగ్గగానే కంపెనీలు మొదట ఆపేది కొత్త అప్రెంటిస్‌లను తీసుకోవడం. 2008 తర్వాత ఐర్లాండ్‌లో నిర్మాణ రంగం కుప్పకూలినప్పుడు ఆ రంగంలో కొత్తగా చేరే అప్రెంటిస్‌ల సంఖ్య కూడా కుప్పకూలింది. ఒక మంచి ఎలక్ట్రీషియన్ తయారుకావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఇవాళ ఆపేసిన శిక్షణ తాలూకు కొరత మార్కెట్ మళ్లీ లేచే సమయానికి బయటపడుతుంది. అప్పుడు ఎంత జీతమిస్తామన్నా మనుషులు దొరకరు. మందగమనంలో కూడా వర్క్‌షాపు తలుపులు తెరిచి ఉంచగలిగేది ప్రభుత్వ నిధి ఒక్కటే. నా దృష్టిలో ఇది ప్రభుత్వ ఖర్చుకు చాలా బలమైన కారణం, చర్చల్లో చాలా తక్కువగా వినిపించే కారణం కూడా.

మధ్యేమార్గంగా కొన్ని దేశాలు లెవీ పెట్టాయి. కంపెనీలన్నీ జీతాల బిల్లులో కొంత శాతం కట్టాలి, ఆ డబ్బుతో శిక్షణ నడుస్తుంది, ఎత్తుకుపోయేవాడు కూడా తన వంతు కట్టినట్టవుతుంది. ఫ్రాన్స్ 1925లోనే అప్రెంటిస్ పన్ను తెచ్చింది. బ్రెజిల్ 1942లో సెనాయ్ అనే పారిశ్రామిక శిక్షణ సంస్థను పెట్టి, పరిశ్రమల జీతాల బిల్లు మీద 1 శాతం లెవీతో దాన్ని నడిపిస్తోంది. రాబడికి స్థిరమైన దారి ఉండటం ఆ సంస్థ ఇన్నేళ్లు నిలవడానికి ఒక ముఖ్య కారణం.

లెవీ ఉన్నంత మాత్రాన పని అయిపోదని బ్రిటన్ అనుభవం చెబుతోంది. 2017 ఏప్రిల్‌లో అక్కడ, ఏటా 30 లక్షల పౌండ్లకు మించిన జీతాల బిల్లు ఉన్న సంస్థల మీద 0.5 శాతం అప్రెంటిస్‌షిప్ లెవీ మొదలైంది. కట్టిన డబ్బును ఆ సంస్థే తన అప్రెంటిస్‌ల శిక్షణకు వాడుకోవచ్చు. ఇంగ్లండ్‌లో 2016–17లో సుమారు 4.95 లక్షల మంది అప్రెంటిస్‌లుగా చేరితే, తర్వాతి ఏడాది ఆ సంఖ్య సుమారు 3.76 లక్షలకు పడిపోయింది. కట్టిన డబ్బు ఎలాగూ వెనక్కి రాబట్టుకోవాలి కాబట్టి చాలా సంస్థలు అప్పటికే ఉద్యోగంలో ఉన్నవారిని మేనేజ్‌మెంట్ లాంటి పైస్థాయి కోర్సులకు పంపాయి. స్కూలు నుంచి అప్పుడే బయటికొచ్చిన పిల్లలకు దక్కాల్సిన చోటు తగ్గింది. తప్పు డబ్బు వసూలు చేయడంలో లేదు. ఆ డబ్బు ఎవరి కోసమన్న నిర్ణయాన్ని ఎక్కువగా కట్టినవాడికే వదిలేయడంలో ఉంది.

జర్మనీ పేరు ఈ చర్చలో రాకుండా ఉండదు. అక్కడ కంపెనీలే నేర్పిస్తాయి కదా, మనమూ అలా చేద్దాం అంటారు. 1969 నాటి వృత్తి శిక్షణ చట్టం మీద నిలబడ్డ ఆ ద్వంద్వ పద్ధతిలో అప్రెంటిస్ వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో, ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాలలో ఉంటారు. కంపెనీ భృతి ఇస్తుంది, నిజమే. కానీ ఆ పాఠశాలను నడిపేది ప్రభుత్వ నిధులు. పరీక్షలు పెట్టేది వాణిజ్య, పారిశ్రామిక మండళ్లు. ఏ వృత్తిలో ఏం నేర్పాలో యజమానులు, కార్మిక సంఘాలు, ప్రభుత్వం కూర్చుని తేలుస్తాయి. ఆ మండళ్లలో ప్రతి కంపెనీకీ తప్పనిసరి సభ్యత్వం ఉంటుంది. ఇవేవీ లేనిచోట కంపెనీలే చూసుకుంటాయని ప్రభుత్వం పక్కకు తప్పుకుంటే, మిగిలేది జర్మనీ పద్ధతి కాదు, పేరు మార్చిన చవక కూలీ.

సరే, ప్రభుత్వమే డబ్బిస్తుంది అనుకుందాం. ఎలా ఇవ్వకూడదో తెలియాలంటే ఆస్ట్రేలియా చూడాలి. వెట్ ఫీ-హెల్ప్ అనే పథకం కింద వృత్తి కోర్సుల్లో చేరినవారి ఫీజును ప్రభుత్వం నేరుగా శిక్షణ సంస్థకు కట్టేది, అది విద్యార్థి పేరిట అప్పుగా నమోదయ్యేది, ఆదాయం ఒక స్థాయి దాటాక తిరిగి కట్టాలి. కాగితం మీద చాలా బాగుంది, ఫ్రీడ్‌మన్ చెప్పినదానికి దగ్గరగానే ఉంది. 2012లో నిబంధనలు సడలించారు. ఆ ఏడాది ఇచ్చిన అప్పులు సుమారు 32.5 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు, 2015లో ఒక్క ఏడాదిలో ఇచ్చినవి సుమారు 290 కోట్లకు చేరాయి. ఏజెంట్లు ఇళ్ల చుట్టూ తిరిగారు. చేరితే ల్యాప్‌టాప్ ఉచితం అన్నారు. చదవడం సరిగా రానివారితో, ఆ కోర్సు పూర్తిచేసే వీలే లేనివారితో సంతకాలు పెట్టించారు. ఫీజులు విపరీతంగా పెంచారు, ఎందుకంటే సంతకం పెట్టేరోజు ఎవరి జేబులోంచీ డబ్బు పోవడం లేదు. కోర్సు పూర్తిచేసినవారు కొద్దిమందే. 2016 చివర్లో పథకాన్ని మూసేశారు, తర్వాత మోసపోయిన ఎంతోమంది అప్పులను ప్రభుత్వమే రద్దు చేయాల్సి వచ్చింది. చేరికకు డబ్బు కడితే చేరికలే పుడతాయి. నేర్పించినందుకు డబ్బు అందాలంటే, నేర్పారో లేదో చూసే యంత్రాంగానికి కూడా డబ్బు పెట్టాలి.

ఈ ఖర్చే దండగ అనేవారి వాదన కూడా వినాలి, అది తేలికైనదేమీ కాదు. ఫిలిప్ ఫాస్టర్ అనే పరిశోధకుడు ఘానాను దగ్గరగా చూసి 1965లో ఒక మాట చెప్పారు. పిల్లలు వృత్తి పాఠశాలలను కాదని మామూలు చదువు వైపు వెళ్లడం తెలియనితనం కాదు, గుమాస్తా ఉద్యోగానికే మంచి జీతం, గౌరవం ఉన్నప్పుడు వాళ్లు సరైన లెక్కే వేసుకుంటున్నారు, కోర్సులు మార్చి ఉద్యోగ మార్కెట్‌ను మార్చలేరు అన్నారు. ఇందులో కాదనలేని నిజముంది. స్థానికంగా పనులే లేనిచోట శిక్షణ కేంద్రం పెడితే ఉద్యోగాలు పుట్టవు. కానీ నిధులు ఆపేయడానికి ఇది కారణం కాదనుకుంటాను. పని ఉన్న రంగాన్ని చూసి నిధి పెట్టాలన్న హెచ్చరికగానే తీసుకుంటాను.

రెండో అభ్యంతరం ఇటీవలిది. ఎరిక్ హనుషెక్, ఇంకొందరు ఆర్థికవేత్తలు అనేక దేశాల సమాచారం పరిశీలించి చెప్పిందేమిటంటే, వృత్తి విద్య చదివినవారికి మొదట్లో ఉద్యోగం త్వరగా దొరుకుతుంది, వయసు పెరిగేకొద్దీ ఆ ఆధిక్యం తగ్గిపోతుంది, తర్వాత సాధారణ విద్య చదివినవారే ముందుంటారు. సాంకేతికత మారినప్పుడు ఇరుకైన నైపుణ్యం పాతబడిపోవడం దీనికి కారణంగా చెబుతారు. నాకిది చాలా విలువైన హెచ్చరిక. డ్రాయింగ్ చదవడం, లెక్క వేయడం, మాన్యువల్ అర్థం చేసుకోవడం నేర్పకుండా ఒక్క మిషన్ మీద ఒక్క పని నేర్పి పంపేస్తే, ఆ మిషన్‌తో పాటు ఆ మనిషినీ మూల కూర్చోబెట్టినట్టే. అందుకే మూడు నెలల షార్ట్ కోర్సుల మీదే నిధులన్నీ పోయడం నాకు నచ్చదు. వాటి అవసరం ఉంది, అయితే పునాది ఉన్నవారికి. నలభై ఏళ్ల వయసులో మళ్లీ వచ్చి నేర్చుకునే వీలు, వృత్తి విద్య నుంచి పై చదువుకు వెళ్లే దారి కూడా నిధుల్లో భాగం కావాలి. స్విట్జర్లాండ్‌లో మూడింట రెండు వంతుల పిల్లలు వృత్తి శిక్షణ వైపు వెళ్లగలుగుతున్నారంటే, అక్కడి నుంచి అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయాలకు దారి తెరిచి ఉండటం ఒక ముఖ్య కారణం. ఆ దారి మూసి ఉన్నచోట, మా పిల్లలను అక్కడ చేర్చం అని తల్లిదండ్రులు అనడంలో తప్పేముంది?

ఇప్పుడు డబ్బు దేనికి పెట్టాలన్న ప్రశ్నకు వద్దాం. వందేళ్ల కిందటి ఒక చట్టం దీనికి ఆశ్చర్యపడేంత సూటిగా సమాధానం చెప్పింది. అమెరికాలో 1917లో వచ్చిన స్మిత్-హ్యూస్ చట్టం వృత్తి విద్యకు తొలిసారి పెద్ద ఎత్తున ఫెడరల్ నిధులిచ్చింది. రాష్ట్రాలు అంతే మొత్తం తామూ కలపాలి. ఆ డబ్బు వెళ్లింది ఇన్‌స్ట్రక్టర్ల జీతాలకూ, ఇన్‌స్ట్రక్టర్లను తయారుచేయడానికీ. భవనాలు కొనడానికి గానీ, కట్టడానికి గానీ, బాగుచేయడానికి గానీ వాడకూడదని చట్టంలోనే రాశారు, పరికరాలకూ అదే నియమం. అవి స్థానికంగా చూసుకోవాలి. వృత్తి విద్యను మామూలు చదువు నుంచి మరీ వేరుచేసి గోడ కట్టిందని ఆ చట్టం మీద విమర్శ ఉంది, ఆ విమర్శ న్యాయమైనదే. కానీ దూరాన ఉన్న ప్రభుత్వం పంపే డబ్బు కళ్లకు కనిపించే కట్టడంగా మారిపోకుండా మనుషులకే చేరాలన్న జాగ్రత్త మాత్రం ఇవాళ్టికీ పనికొస్తుంది.

అన్నిటికంటే ఇన్‌స్ట్రక్టర్ జీతమే చిక్కు సమస్య. సీఎన్‌సీ మీద బాగా చేయి తిరిగినవాడికి ఫ్యాక్టరీలో వచ్చే జీతం శిక్షణ సంస్థలో రాదు. కాబట్టి పోస్టులు ఖాళీగా ఉంటాయి, లేదా ఏడాదికోసారి కాంట్రాక్టు మీద నింపుతారు, వచ్చినవాళ్లు మంచి అవకాశం దొరకగానే వెళ్లిపోతారు. ఉన్నవారిని నాలుగైదేళ్లకోసారి పరిశ్రమలోకి కొన్ని వారాలు పంపితే చాలా మారుతుంది, కానీ వాళ్లు వెళ్లినప్పుడు క్లాసు తీసుకునే మనిషికి కూడా బడ్జెట్‌లో పద్దు ఉండాలి. మిషన్ల విషయంలోనూ ఇంతే. కొనేటప్పుడు గ్రాంటు వస్తుంది, తర్వాత సర్వీసింగ్‌కు, స్పేర్ పార్టులకు, కూలెంట్‌కు, సాఫ్ట్‌వేర్ లైసెన్సుకు పద్దు ఉండదు. చిన్న సెన్సార్ పాడైతే మొత్తం మిషన్‌కు కవరు కప్పేస్తారు.

చివరగా, బయటికి అంతగా కనిపించని ఒక చిక్కు. చాలాచోట్ల విద్యార్థికి ఇంత అని అన్ని కోర్సులకూ ఒకే రేటు కడతారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ వెల్డింగ్‌కు, డేటా ఎంట్రీకి ఒకే రేటు ఇస్తే శిక్షణ సంస్థ ఏది పెడుతుంది? కొన్ని కంప్యూటర్లు, కుర్చీలు చాలినదాన్నే పెడుతుంది. కొన్నేళ్లకు డేటా ఎంట్రీ సర్టిఫికెట్లు కుప్పలుగా పోగవుతాయి, వెల్డర్లు దొరకడం లేదని పరిశ్రమ మొత్తుకుంటుంది. ఇంగ్లండ్‌లో 16 నుంచి 19 ఏళ్లవారి విద్యకు నిధులు లెక్కగట్టే సూత్రంలో కోర్సు ఖర్చును బట్టి వెయిటేజీ ఉంటుంది, వర్క్‌షాపు అవసరమైన కోర్సులకు తరగతి గది కోర్సుల కంటే ఎక్కువ అందుతుంది. ఈ పద్ధతి ప్రతిచోటా రావాలి. దాంతో పాటు ముడిసరుకు పద్దును విడిగా చూపించి, ఆ డబ్బును వేరే ఖర్చుకు మళ్లించకుండా కట్టుదిట్టం చేయాలి. కోర్సు పూర్తయిన ఆరు నెలలకూ రెండేళ్లకూ విద్యార్థులు ఏ పనిలో, ఎంత జీతంతో ఉన్నారో ప్రతి సంస్థా బయటపెట్టాలి. బడ్జెట్ రోజున నైపుణ్య శిక్షణకు ఇన్ని కోట్లు అన్న ప్రకటన వినిపించినప్పుడు, ప్రజాప్రతినిధులను, అధికారులను మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: అందులో ఒక్కో వెల్డింగ్ విద్యార్థి చేతికి ఈ ఏడాది ఎన్ని రాడ్లు వస్తాయి?